చదువూ సంధ్యా: ఇంట్లో కూర్చుని ఎమ్మెస్

మే నెలలో పట్టా పుచ్చుకోబోయే పిల్లలున్న ఇళ్ళలో ఉగాది పచ్చడితో పాటు వడ్డించే ప్రశ్న ఒకటుంది: "తరువాత ఏమిటి?" ఇదివరకు దానికి జవాబులు రెండే. ఉద్యోగం, లేకపోతే ఎమ్మెస్. ఇప్పుడు మూడోది కూడా వచ్చి పీట వేసుకుని కూర్చుంది. యూనివర్సిటీ మొహం చూడకుండా, ఇంటి నుంచే కంప్యూటరు ముందు కూర్చుని చేసే మాస్టర్సు. పోయిన సంచిక తరువాత ఈ శీర్షికకు వచ్చిన ప్రశ్నల్లో సగం దీని గురించే. అందులో ఒక తండ్రిగారి ప్రశ్న మహా సూటిగా ఉంది: "అది అసలు ఎమ్మెస్సేనాండీ? సంబంధాల కాగితంలో రాసుకోవచ్చా?"

నిక్షేపంగా రాసుకోవచ్చు. కానీ ఏ యూనివర్సిటీ మంచిది అని అడగబోయే ముందు ఇంట్లో తేల్చుకోవలసినవి రెండున్నాయి. ఆ చదువు దేనికోసం? చదవబోయే అమ్మాయి గానీ అబ్బాయి గానీ ఈ దేశంలో ఏ కాగితం మీద ఉన్నారు? ఈ రెండూ వదిలేసి ర్యాంకుల పట్టికలు ముందేసుకుని కూర్చునే వాళ్ళే మనలో ఎక్కువ.

ఆ తండ్రిగారి అనుమానం ఎక్కడి నుంచి వచ్చిందో మనకి తెలియనిది కాదు. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1972లో కరస్పాండెన్సు కోర్సులు మొదలుపెట్టింది. 1982లో హైదరాబాదులో సార్వత్రిక విశ్వవిద్యాలయం వచ్చింది. దేశంలో అలాంటిది అదే మొదటిది. 1991 నుంచి దానికి అంబేద్కర్ గారి పేరు. పోస్టులో పాఠాల కట్టలు తెప్పించుకుని, రాత్రిళ్ళు చదువుకుని, పై డిగ్రీలు సంపాదించిన బడిపంతుళ్ళూ, గుమాస్తాలూ, పెళ్ళయ్యాక చదువు అందుకున్న ఆడవాళ్ళూ మన చుట్టాల్లోనే ఎందరో. అయినా "వాడు ప్రైవేటుగా కట్టి పాసయ్యాడులే" అనే మాటలో ఓ చిన్న విరుపు ఉండేది. సూట్‌కేసుల్లో ఆవకాయతో పాటు ఆ విరుపు కూడా మోసుకొచ్చాం.

ఈ దేశంలో ఆ విరుపుని చాలావరకు సరిచేసింది అట్లాంటాలోని జార్జియా టెక్. ఇంటి నుంచే చేసే కంప్యూటర్ సైన్సు ఎమ్మెస్ పెడుతున్నామని 2013లో ప్రకటించి, 2014 జనవరిలో పాఠాలు మొదలుపెట్టారు. పది కోర్సులు, ముప్ఫై క్రెడిట్లు, అప్పట్లో మొత్తం ఖర్చు ఏడు వేల డాలర్ల చుట్టుపక్కల. పట్టా మీద "ఆన్‌లైన్" అన్న మాట ఉండదు. క్యాంపస్‌లో చదివిన వాళ్ళకిచ్చే డిగ్రీయే వీళ్ళకీ. 2017లో డేటా అనలిటిక్స్‌లో కూడా అలాంటిదే పెట్టారు, పదివేల లోపు. తరువాత ఆస్టిన్‌లోని టెక్సస్ యూనివర్సిటీ కూడా పదివేల చిల్లరకి కంప్యూటర్ సైన్సు ఎమ్మెస్ ఇస్తోంది.

చవక కదా అని తేలిక అనుకోకండి. క్యాంపస్ కోర్సులో సీటు రావడం కష్టం, వచ్చాక బయటపడడం మామూలు. ఇక్కడ లోపలికి రావడం సులువు, బయటపడడమే కష్టం. జార్జియా టెక్ వారి నియమం చూడండి: మొదటి ఏడాదిలో రెండు పునాది కోర్సుల్లో "బి"కి తగ్గకుండా తెచ్చుకోవాలి. అంతా ఆరేళ్ళలో పూర్తి కావాలి. సెమిస్టరుకి ఒక్క కోర్సు చొప్పున, వేసవి కూడా వదలకుండా చదివితే మూడేళ్ళు దాటుతుంది. చేసిన పిల్లల్ని అడిగాను. కొన్ని కోర్సులకు వారానికి పది గంటలు చాలతాయట, కొన్నింటికి ఇరవై కూడా చాలవట. ఉద్యోగం నుంచి వచ్చి, అన్నం తిని, రాత్రి తొమ్మిదికి మొదలుపెట్టే ఇరవై గంటలు సుమా. శనివారం పెళ్ళిళ్ళకీ, ఆదివారం అరంగేట్రాలకీ రాని పిల్లవాణ్ణి చూసి మొహం ముడుచుకోకండి.

ఇక డబ్బు సంగతి. అంత చవకగా దొరికే సరుకు ఉన్న ఇదే బజారులో, లక్ష దాటిన సరుకూ ఉంది. దక్షిణ కాలిఫోర్నియా యూనివర్సిటీ వారి ఆన్‌లైన్ సోషల్ వర్కు మాస్టర్సు ఖర్చు లక్షా పదిహేను వేల డాలర్లని 2021లో వాల్ స్ట్రీట్ జర్నల్ రాసింది. చేరిన వాళ్ళ అప్పులు కొండంత, చివరికి జీతాలు గోరంత అని కూడా రాసింది. క్లాసు గది లేదు, హాస్టలు లేదు, మరి ఇంత ధర ఎందుకు?

ఎందుకంటే చాలా యూనివర్సిటీలు ఈ కోర్సులు తామే నడపవు. వెనకాల ఒక కంపెనీ ఉంటుంది. ప్రకటనలు వెయ్యడం, విద్యార్థుల్ని పట్టుకురావడం, వీడియోలు తీయడం దాని పని. అందుకు ఫీజులో వాటా తీసుకుంటుంది, చాలా చోట్ల సగం, ఆ పైన కూడా. నిజానికి విద్యార్థుల్ని చేర్పించినందుకు తలకింత అని కమిషన్ ఇవ్వకూడదని 1992లోనే చట్టం చేశారు. 2011లో విద్యాశాఖ ఒక మినహాయింపు ఇచ్చింది: చేర్పించడంతో పాటు ఇతర సేవలు కూడా కలిపి చేస్తే వాటా పుచ్చుకోవచ్చని. వ్యాపారమంతా ఆ సందులోంచి నడిచి వచ్చింది. వీటిలో పేరు మోసిన "టూయూ" అనే కంపెనీ 2024 జూలైలో దివాలా రక్షణ కోరుతూ కోర్టుకెక్కి, అప్పులు సర్దుకుని బయటపడింది.

కనుక ఏదో వెబ్‌సైటులో "వివరాలు పంపండి" అన్నచోట అమ్మాయి ఫోను నంబరు ఇచ్చిన అరగంటకే తియ్యగా పలకరించే "అడ్మిషన్ సలహాదారు" యూనివర్సిటీ మనిషి కాకపోవచ్చు. మీ పిల్ల ప్రతిభని గంటసేపు మెచ్చుకుని, శుక్రవారంలోగా చేరితే దరఖాస్తు రుసుము మాఫీ అంటారు. "మీకు జీతం ఇచ్చేది యూనివర్సిటీయా, వేరే కంపెనీయా?" అని మర్యాదగానే అడగండి. జవాబు తిన్నగా రాకపోతే ఆ డిపార్ట్‌మెంటుకే ఫోను చేసి, ఆన్‌లైన్‌లో పాఠం చెప్పేది క్యాంపస్‌లో చెప్పే ప్రొఫెసర్లేనా, పట్టా ఒకటేనా, పోయిన ఏడాది ఎంతమంది పూర్తి చేశారు అని కనుక్కోండి. యూనివర్సిటీకి గుర్తింపు ఉందో లేదో ఫెడరల్ విద్యాశాఖ వారి జాబితాలో రెండు నిమిషాల్లో తేలిపోతుంది, దాని గురించి ఇక్కడ పేజీలు నింపను.

అప్పు చేసి చదివించే ఆలోచన ఉన్నవాళ్ళు ఇంకొకటి గమనించాలి. 2025లో వచ్చిన చట్టం ప్రకారం 2026 జూలై 1 నుంచి కొత్తగా అప్పు తీసుకునే వారికి "గ్రాడ్ ప్లస్" ఫెడరల్ రుణం లేదు. మామూలు మాస్టర్సుకి ఏడాదికి 20,500 డాలర్లు, మొత్తం మీద లక్ష, అంతవరకే. మిగతాది ప్రైవేటు బ్యాంకు, దాని వడ్డీ, దానికి తండ్రి సంతకం. అదే ఉద్యోగంలో చేరి, ఆ కంపెనీ చేత ఫీజు కట్టించుకుంటే ఏడాదికి 5,250 డాలర్ల దాకా పన్ను కూడా ఉండదు. జార్జియా టెక్ లాంటి కోర్సుకి అది సరిపోయి మిగులుతుంది. మన పిల్లలు చేరిన చాలా కంపెనీల్లో ఈ సదుపాయం ఉంటుంది. అడిగేవాళ్ళే తక్కువ.

ఇప్పుడు అసలైన చిక్కు. మన కుటుంబాల్లో చాలామందికి ఇదే ముఖ్యం, కాస్త నెమ్మదిగా చదవండి.

తల్లిదండ్రులు హెచ్-1 మీద గ్రీన్ కార్డు వరసలో నిలబడి ఉండగానే, నాలుగో ఏట ఇక్కడికి వచ్చిన పిల్లకి ఇరవై ఒకటి నిండుతుంది. హెచ్-4 అయిపోతుంది. చాలామంది ఆ పిల్లల్ని ఎఫ్-1లోకి మార్చి డిగ్రీ పూర్తి చేయిస్తున్నారు. డిగ్రీ అయ్యాక ఖర్చు తగ్గుతుందని ఇంటి నుంచి చదివే ఎమ్మెస్‌లో చేర్పిద్దాం అనుకుంటే అక్కడ తలుపు మూసి ఉంది. ఎఫ్-1 మీద ఉన్నవాళ్ళు ఒక సెమిస్టరులో ఫుల్‌టైము లెక్కలోకి వేసుకోగలిగేది ఒక్క ఆన్‌లైన్ కోర్సు, అంటే మూడు క్రెడిట్లు. మొత్తం ఆన్‌లైన్‌లో నడిచే డిగ్రీకి ఐ-20 కాగితం ఇవ్వరు. ఐ-20 లేకపోతే ఆ చదువు మీద ఇక్కడ ఉండడానికీ లేదు, చదివాక ఓపీటీ మీద పనిచేయడానికీ లేదు. "కోవిడ్ టైములో మా అక్కయ్య వాళ్ళబ్బాయి అలాగే చదివాడు" అని ఎవరైనా అంటే, నిజమే, 2020లో మినహాయింపు ఇచ్చారు. 2023తో దాన్ని ఎత్తేశారు.

అలాంటి పిల్లకి డిగ్రీ తరువాత ఓపీటీ ఉంటుంది. పన్నెండు నెలలు, సైన్సు, ఇంజినీరింగు చదువులైతే ఇంకో ఇరవై నాలుగు. ఆ కాలంలో ఆన్‌లైన్ చదువు పక్కన పెట్టుకోవచ్చా అంటే, కాలేజీలో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే అధికారిని అడిగి, వాళ్ళ జవాబు రాతపూర్వకంగా తీసుకుని మరీ చేరండి. వాట్సాప్ గ్రూపులో దొరికే భరోసా ఇమిగ్రేషన్ వాళ్ళ ముందు చెల్లదు. హెచ్-1 లాటరీలో మాస్టర్సు వాళ్ళకి విడిగా ఉన్న ఇరవై వేల కోటా మీద ఆశ ఉంటే, ఆ డిగ్రీ ఇచ్చిన సంస్థ గుర్తింపు ఉన్నదీ, ప్రభుత్వానిదో లాభాపేక్ష లేనిదో అయి ఉండాలి. లాభాలకి నడిపే కాలేజీ డిగ్రీ ఆ కోటాలోకి రాదు. ఇక్కడ మాత్రం పీనాసితనం చూపకుండా లాయరుకి ఒక గంట ఫీజు ఇచ్చుకోండి.

అదే హెచ్-4 మీద ఉన్నవాళ్ళకి చదువుకోవడానికి ఏ అడ్డూ లేదు. ఈ ఆన్‌లైన్ ఎమ్మెస్ వల్ల నిజంగా బాగుపడేది మన ఇల్లాళ్ళేమో అని నాకనిపిస్తుంది. మా ఊళ్ళోనే ఒకావిడ ఉంది. గుంటూరులో బీయెస్సీ చదివింది, మూడేళ్ళ డిగ్రీ. పెళ్ళి, ఇద్దరు పిల్లలు, పన్నెండేళ్ళ విరామం. ఇక్కడి యూనివర్సిటీలు కొన్ని మూడేళ్ళ డిగ్రీని ఒప్పుకోవు, రికమండేషన్ ఉత్తరాలకి ఆవిడ పాత మాష్టర్లు రిటైరైపోయారు. చివరికి ఆవిడ పట్టుకున్న దారి వేరు. కొలరాడో యూనివర్సిటీ వారి బౌల్డర్ క్యాంపస్ నడిపే కొన్ని మాస్టర్సుల్లో పాత మార్కుల కాగితాలు అడగరు. వాళ్ళు చెప్పిన మొదటి కోర్సులు డబ్బు కట్టి చదివి, "బి" తెచ్చుకుంటే అదే అడ్మిషన్. రాకపోతే ఆ రెండు మూడు కోర్సుల ఖర్చుతో పోతుంది, అప్పుల్లో కూరుకుపోవడం ఉండదు. ఆవిడ పిల్లల్ని పడుకోబెట్టి, గరాజులో బియ్యం బస్తాల పక్కన బల్ల వేసుకుని చదివింది. మొదటి కోర్సులో "ఎ" వచ్చిన రోజున నాకు ఫోను చేసి, "అన్నయ్యగారూ, నాకు ఇంకా లెక్కలు వచ్చండీ" అంది.

ఇక మా అమ్మాయి నర్సింగు, మా అబ్బాయి టీచరు, కౌన్సిలింగు అనే వాళ్ళు వేరే జాగ్రత్త పడాలి. ఆ వృత్తులకి లైసెన్సు ఇచ్చేది రాష్ట్రం. ఓహాయోలో కూర్చుని ఇంకో రాష్ట్రం డిగ్రీ చదివితే అది ఓహాయోలో చెల్లుతుందో లేదో ముందే చూసుకోవాలి. పైగా పాఠాలు ఇంటి నుంచి వినొచ్చు గానీ రోగుల దగ్గరకీ, పిల్లల దగ్గరకీ ఇంటి నుంచి వెళ్ళలేం కదా. సోషల్ వర్కు మాస్టర్సుకైతే కనీసం 900 గంటలు బయట పనిచేసి తీరాలి. ఆ ఆసుపత్రినో, సంస్థనో వెతికిపెట్టేది యూనివర్సిటీయా, విద్యార్థా అన్నది చేరకముందే అడగండి. మీరే వెతుక్కోండి అంటే, ఆ కోర్సు ధర మీరనుకున్న దాని కన్నా ఎక్కువని అర్థం.

నా అభిప్రాయం అడిగితే చెబుతాను, నచ్చకపోతే పండగ పూట తిట్టుకోకండి. చేతిలో ఉద్యోగం ఉండి, ఏం నేర్చుకోవాలో తెలిసిన పిల్లలకి ఇంతకు మించిన బేరం లేదు. పీహెచ్‌డీ వైపు చూస్తున్న పిల్లల్ని మాత్రం క్యాంపస్‌కి పంపండి. ప్రొఫెసరు గది తలుపు తట్టి, ల్యాబులో ఏడాది గడపనిదే ఆ ఉత్తరాలు రావు. ఉద్యోగం దొరకలేదు, ఖాళీగా ఉంటే నలుగురూ ఏమంటారో అని ఆన్‌లైన్ ఎమ్మెస్‌లో చేర్పించడం మాత్రం నాకు మింగుడు పడదు. ఇరవై రెండేళ్ళ కుర్రాడు పొద్దున్నించి రాత్రి దాకా తన చిన్నప్పటి గదిలోనే, అదే మంచం పక్కన, ఎవరి మొహం చూడకుండా మూడేళ్ళు గడుపుతాడు. చదువు తెమలదు, ఉద్యోగం వెతికే చురుకూ పోతుంది. అలాంటి కుర్రాడికి ముందు ఏదో ఒక పని చూడండి, చిన్నదైనా సరే. చదువు ఎక్కడికీ పోదు, జనవరిలో మొదలవుతుంది, ఆగస్టులో మళ్ళీ మొదలవుతుంది.

అన్నట్టు, జార్జియా టెక్‌లో ఇంటి నుంచి చదివిన వాళ్ళని కూడా స్నాతకోత్సవానికి రమ్మంటారు. అట్లాంటా వెళ్ళే కుటుంబాలు ఉంటే చెప్పండి, అక్కడి మన వాళ్ళ ఇళ్ళలో బస గురించి కమిటీ వారితో మాట్లాడదాం. వచ్చే సంచికకి కమ్యూనిటీ కాలేజీ మీద ప్రశ్నలు చాలా వచ్చాయి. ఇంకా ఉంటే దీపావళి లోపల పంపండి.