జముకు తీగెకు హక్కుదారులెవరు?

“ప్రజాకళ ప్రజల నాలుకల మీద బతుకుతుంది, దానికి భాండాగారాలెందుకు?” అనే మాట మన అభ్యుదయ వేదికల మీద తరచు వినబడుతుంది. వినడానికి విప్లవాత్మకంగా వుండే యీ వాదన నిజానికి సోమరితనానికి తొడిగిన యెర్రచొక్కా.

అమెరికా సంగీత నాటకరంగం సంగతి చూడండి. టాకీలు వచ్చిన కొత్తలో, 1929లో, వార్నర్ బ్రదర్స్ కంపెనీ పాటల ప్రచురణ సంస్థలను కొనేసింది. కళాభిమానంతో కాదు, పాట మీది హక్కు లాభం తెస్తుంది గనక. కాలక్రమాన ఆ రంగస్థలపు వ్రాతప్రతులెన్నో మరుగున పడ్డాయి. 1982లో న్యూజెర్సీ రాష్ట్రం సికాకస్‌లోని ఆ కంపెనీ గోదాములో గెర్ష్విన్, జెరోమ్ కెర్న్ వంటివారి ప్రతులు పెట్టెలకొద్దీ బయటపడ్డాయి. లాభం కోసం కొన్న కంపెనీ, లాభం కనబడని కాగితాన్ని మరిచిపోయింది. అయినా అది సరుకు గనక దానికి గోదామంటూ వొకటి దొరికింది.

మన జముకుల కథ యెవరి సరుకు? సముద్రపుటొడ్డున డొంకూరు మొదలు పలాస, టెక్కలి దాకా, పేదల రంగస్థలానికి తెర లేదు, టిక్కెట్టు లేదు. తోలు మూసి, నడుమ తీగె బిగించిన జముకు; దాని చుట్టూ వూరు. పలాస దగ్గరి బొడ్డపాడులో అర్చకుడుగా వున్న సుబ్బారావు పాణిగ్రాహి యీ రూపాన్నే రైతాంగ పోరాటానికి గొంతుగా మలిచాడు. 1969 డిసెంబరులో పోలీసులు ఆయనను కాల్చి చంపారు. పాటలు అచ్చులో నిలిచాయి. కాని తీగెను యెక్కడ బిగించాలో, యెక్కడ సడలించాలో, వంతలు యే మాటను అందుకోవాలో అచ్చు చెబుతుందా?

నాలుకలున్నాయి గదా అంటారా? యెక్కడున్నాయి? యిక్కడి మత్స్యకారులు పొట్ట చేతబట్టుకొని గుజరాత్ రేవులకు పోతున్నారు. ఉద్దానంలో మూత్రపిండాల జబ్బు కుటుంబాలను కుంగదీసింది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను కొబ్బరి, జీడితోటలను నేలకూల్చింది. వినే వూరే చెదిరిపోతుంటే చెప్పే నాలుక యెన్నాళ్ళు నిలుస్తుంది?

పాట బలం పాలకులకు బాగా తెలుసు. 1876 నాటక ప్రదర్శనల చట్టం ఆటను ఆపే అధికారాన్నే గాక, దాని వివరాలు రాబట్టే అధికారాన్ని గూడా సర్కారుకిచ్చింది. సుంకర, వాసిరెడ్డిల ‘మాభూమి’ని మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. శత్రువు అంత శ్రద్ధగా విన్న కళను మనం భద్రపరచకపోవడం యే సిద్ధాంతం?

గనక కావలసింది సంతాపసభలు కాదు. విద్యార్థులు, ఉపాధ్యాయులు కలిసి, చేతిలోని ఫోనుతోనైనా సరే, కథను మొదటినుంచి చివరిదాకా రికార్డు చెయ్యాలి. వంతల మాటలు, శ్రోతల కేకలు గూడా వదలకుండా. కథకుడికి ఆనాటి కూలి ముట్టజెప్పాలి. ఆయన పేరు వ్రాయాలి. వొక ప్రతి ఆయన యింటికి చేరాలి. యిందులో యేది తప్పినా మనది గూడా మరో కంపెనీ గోదామే అవుతుంది. జముకు మీద మొదటి హక్కు దాన్ని మీటే చేతిది. ఆ తర్వాతనే మన పరిశోధనలది.