చెయ్యి తీస్తే బొమ్మ పోయేది

జగిత్యాల జిల్లా పెగడపల్లి వైపు వెళ్తూ పాత పెంకుటిళ్ల కప్పుల మీదికి ఓసారి చూడండి. అక్కడక్కడ ఇంకా అల్యూమినియం యాంటెన్నాలు కనిపిస్తాయి. అడ్డపుల్లలు సగం ఊడిపోయి, గొట్టం ఓ పక్కకు ఒరిగి ఉంటుంది. వాటికి అందే ప్రసారం ఇప్పుడు లేదు. దూరదర్శన్ పాత నేల టవర్లు 2022 నాటికి దేశమంతటా దాదాపు మూతపడ్డాయి. అయినా ఆ గొట్టాన్ని దింపాలని ఎవరికీ తోచలేదు.

హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం 1977 అక్టోబరు 23న మొదలైంది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పల్లెల దాకా టీవీ బొమ్మ రావడానికి చాలా ఏళ్లే పట్టింది. వచ్చాక కూడా అంత సులువుగా నిలబడలేదు. టీవీ తరంగం దాదాపు తిన్నగా పోతుంది. గుట్ట అడ్డొస్తే వెనకున్న ఊరికి బలం తగ్గి చేరుతుంది. కొండగట్టు చుట్టుపక్కల గుట్టలకు కొదవా? గుట్టకు తగిలి మళ్లిన తరంగం కాస్త ఆలస్యంగా అందేది. దాంతో వార్తలు చదివే ఆమె పక్కనే పలచగా మళ్లీ ఆమే కనిపించేది.

కప్పు మీది యాంటెన్నా పుల్లల అమరికను 1926లో జపాన్‌లో షింటారో ఉడా, హిడెత్సుగు యాగీ కనిపెట్టారు. వెనక పొడుగు పుల్ల, ముందు పొట్టి పుల్లలు. ఎటు ముఖం పెడితే అటు నుంచి వచ్చేదాన్నే బాగా అందుకుంటుంది. ఈదురుగాలికి అది కాస్త పక్కకు తిరిగినా తెర నిండా చుక్కలే. కొండగట్టు కోతులు పల్లెల మీద పడ్డ రోజైతే ఇక చెప్పేదేముంది!

దాన్ని సరిచేయడం ఒక్కరితో అయ్యే పని కాదు. ఇంటిపైన బాపు, టీవీ ముందు అవ్వ, దర్వాజ దగ్గర పిల్లగాడు. అవ్వ మాటను పిల్లగాడు అందుకుని పైకి కేకేయాలి.

"వచ్చిందా?"

"చుక్కలే వస్తున్నయి బాపూ!"

"ఇప్పుడు?"

"వచ్చింది... వచ్చింది... అయ్యో, పోయింది. ఇంకింత అటు తిప్పు!"

చాలా ఇళ్లలో ఓ చిత్రం జరిగేది. గొట్టం పట్టుకుని ఉన్నంతసేపూ బొమ్మ అద్దంలా ఉండేది. చెయ్యి తీస్తే పోయేది. మనిషి ఒళ్లు కూడా తరంగాన్ని అటూ ఇటూ చేస్తుందని ఇప్పుడు చదివి తెలుసుకుంటున్నాం. అప్పుడు తెలిసింది ఒక్కటే, ఎవరో ఒకరు పట్టుకుని నిలబడాలి. 1987 జనవరి 25న మొదలైన ఆదివారపు రామాయణం వేళ, ఇంటి నిండా వాడకట్టు జనం కూర్చుంటే, పైన నిలబడ్డవాళ్లు కథ సాంతం చెవులతోనే విన్నారు. ఆ రోజు యుద్ధం ఎలా జరిగిందో కిందికి దిగాక పిల్లలు చెప్పేవాళ్లు.

తిప్పేవాడికి బొమ్మ కనపడదు. కింది నుంచి వచ్చే మాటే అతనికి ఆధారం. ఈ ప్రాంతం గురించి ఎప్పుడు ఆలోచించినా నాకు ఆ మనిషే గుర్తుకొస్తాడు.

ఎందుకంటే మన పల్లెల్లో ఎన్నో ఇళ్లకు రంగుల టీవీ దుబాయి నుంచో మస్కట్ నుంచో వచ్చిన మనిషి వెంటే వచ్చింది. అట్టపెట్టె చుట్టూ నైలాన్ తాడు, దాని మీద పెద్ద అక్షరాలతో పేరు, ఊరు. బొంబాయిలో దిగి, బస్సు మీద కట్టించుకుని, పసిపిల్లను తెచ్చినంత పదిలంగా ఇంటికి చేర్చేవారు. గొట్టం పాతి, వైరు గుంజి, బొమ్మ నిలిచేదాకా తిప్పి, సెలవు అయిపోగానే మళ్లీ విమానం ఎక్కేవారు. ఆ టీవీని తర్వాత ఏళ్ల తరబడి చూసింది ఇంట్లోవాళ్లు. ఎడారి క్యాంపులో ఉన్న మనిషికి మాత్రం ఇల్లంటే ఉత్తరం, లేదంటే ఎవరి చేతనైనా పంపిన క్యాసెట్. అందులో భార్య గొంతు, పిల్లల అల్లరి, వెనక ఎక్కడో ఓ కోడి కూత. అంతా బాగానే ఉందని వాళ్లు చెబితే నమ్మడమే. మగ్గాల పనికి భివండి పోయిన సిరిసిల్ల వాళ్లదీ ఇదే కథ.

ఇప్పుడు ఇంటింటికీ డిష్‌లు వచ్చాయి. దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఉపగ్రహం వైపు ముఖం పెట్టి ఉంటాయి. జోరువాన పడితే చినుకులు ఆ సన్నని తరంగాన్ని మింగేస్తాయి. బొమ్మ ముక్కలై ఆగిపోతుంది. వాన వెలిసినా రాకపోతే ఎదురుగా వేపకొమ్మ పెరిగిందేమో, తీగ అతుకులో నీళ్లు చేరాయేమో చూడాలి. ఇంట్లో ఉన్నదేమో ముసలివాళ్లు. కప్పెక్కే వయసు దాటిపోయింది. కొడుకు మస్కట్‌లో.

అందుకే ఫోను కలుపుతారు. "అవ్వా, డబ్బ మీద ఎర్ర లైటు ఎలుగుతుందా? ఎనక తీగ గట్టిగ తిప్పు. బంద్ చేసి మళ్ల ఎయ్యి." ఆమె ఫోను కెమెరాను టీవీ వైపు పట్టుకుంటుంది. ఇన్నేళ్లకు దూరాన ఉన్నవాడికి కూడా బొమ్మ కనపడుతోంది. ఛానల్ వచ్చాక అతను ఫోను పెట్టేయడు. "జెర బయటికి రా అవ్వా, వాకిలి చూపెట్టు" అంటాడు. బర్రె ఈనిందా అని అడుగుతాడు. గోడ తడిసిందేమో చూస్తాడు. మోకాళ్ల నొప్పులకు మందులు వేసుకుంటున్నావా అంటే ఆమె వేసుకుంటున్నా అంటుంది. "ఏదీ, ఆ మందుల చీటీ కూడా చూపెట్టు" అంటాడు.