పొలం గట్టున: ముందు చూపు, తర్వాత మందు

శివరాత్రికీ ఉగాదికీ నడుమ దిబ్బూరహళ్ళి చుట్టుపట్ల పొలాలకు సంధికాలం. చలిలో నాటిన టమాటా కాపుకు వస్తుంది. ఉర్లగడ్డ త్రవ్వకానికి సిద్ధమవుతుంది. మల్బరీ కొత్త చిగురు వేస్తుంది. తెల్లవారితే మంచు, మధ్యాహ్నమైతే మాడే ఎండ. మంచును కోరే తెగులూ, ఎండను కోరే పురుగూ ఒకే వారంలో వచ్చిపడే దినాలివి. పట్టణాలలో స్థిరపడినా ఊళ్ళో ఎకరమో అరెకరమో నిలుపుకొన్న కుటుంబాలు మన పాఠకులలో ఉన్నవి. అందుచేత ఈ నెల పంటను కనిపెట్టి చూచుటను గూర్చి నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

ముందు మా తప్పు ఒప్పుకొని మొదలుపెడతాము.

కొన్నేళ్ళ క్రిందట మా టమాటా కాయల అడుగున నల్లమచ్చలు కనిపించినవి. చూడగానే తెగులనుకొన్నాము. మందుల అంగడిలో అడిగితే రెండు రకాలు కలిపి కొట్టమన్నారు. గాలి వీస్తున్నా లెక్కచేయక సాయంకాలం కొట్టించినాము. గట్టుకు అవతల పొరుగువారి మల్బరీ తోట. వారి ఇంట తట్టలలో నాలుగో జ్వరం దాటిన పట్టుపురుగులున్నవి. పురుగు తన జీవితంలో తినే ఆకులో నూటికి 80 పాళ్ళకు పైగా ఆ చివరి వారంలోనే తింటుంది. మరునాడు వారు కోసి వేసిన ఆకు మీద మా మందు ఉన్నది. పురుగులు పసరు కక్కి, కొట్టుకొని, కుదించుకొని చచ్చిపోయినవి. శిడ్లఘట్ట గూళ్ళ మార్కెట్టుకు పోవలసిన పంట దిబ్బకు పోయింది.

ఆ పెద్దాయన మమ్ములను తిట్టలేదు. "ఒక మాట చెప్పి కొట్టింటే ముందునాడే ఆకు కోసుకొని పెట్టుకొందుము గదప్పా" అన్నాడు, అంతే. నష్టంలో కొంత ఇచ్చుకొన్నాము గాని ఆ మాట ఇప్పటికీ మా చెవిలోనే ఉన్నది.

తర్వాత తెలిసినదేమంటే, ఆ నల్లమచ్చ అసలు అంటుతెగులే కాదు. బోరు నీరు ఒకనాడు ఎక్కువై, నాలుగు నాళ్ళు కరువై, కాయ కొసదాకా కాల్షియం అందక కలిగే లోపం. డ్రిప్పులో రోజూ సమంగా నీరిస్తే కొత్త కాయలు శుభ్రంగా దిగినవి. మందు మాకు చేసిన మేలు సున్న.

కనుక చూచుట నేర్వవలె. గట్టు మీద నిలబడి చూస్తే గట్టు ప్రక్క మొక్కలే కనబడతాయి. లోపలికి వంకరటింకరగా నడచి, అయిదు చోట్ల అయిదేసి మొక్కలు, మొత్తం 25 చూడండి. వారానికి రెండుసార్లు, ఉదయం పూట. ఆకు తిరగేసి చూడండి. ఎన్ని మొక్కలకు ఏమున్నదో నోటుబుక్కులో వ్రాసుకోండి. పోయిన వారం రెండు, ఈ వారం తొమ్మిది అయితే జాగ్రత్తపడవలె. రెండు రెండుగానే ఉంటే కొంత ఆగవచ్చు.

ఉర్లగడ్డ, టమాటా ఆకుల మీద తడిసినట్టు మచ్చ, తెల్లవారి ఆకు అడుగున తెల్లటి బూజు కనిపిస్తే అది లేటు బ్లైటు. 1845లో ఐర్లండు ఉర్లగడ్డను తుడిచిపెట్టి కరువు తెచ్చినది ఇదే. మబ్బూ మంచూ పట్టిన వారంలో దీనికి ఆలస్యం పనికిరాదు. మచ్చలో వలయాలుంటే అది వేరు. దాన్ని ఎర్లీ బ్లైటు అంటారు.

ఆకు మీద పాము నడచినట్టు సన్నగీతలుంటే అది పాత పురుగు. కాపు మీదున్న తోటకు అంత భయం లేదు. వెడల్పైన పొరవంటి మచ్చ, లోపల నల్లటి రెట్ట, కాయకు సూదిబెజ్జం ఉంటే అది టూటా. పుట్టిల్లు దక్షిణ అమెరికా. మన దేశంలో మొదట 2014లో మహారాష్ట్రలో కనిపించింది. లింగాకర్షణ బుట్టలు కట్టి, పడిన రెక్కల పురుగులను లెక్కపెడితే దీని రాక ముందే తెలుస్తుంది.

లేత తోటలో ఆకులు ముడుచుకొంటే తెల్లదోమ తెచ్చిన వైరసు. పట్టిన మొక్కను బాగుచేసే మందు లేదు. పెరికివేయుటే మార్గం. ఎండ ముదిరినప్పుడు పూత రాలితే అన్నివేళలా పురుగును నిందించరాదు. వేడికి కూడా రాలుతుంది.

కాయ తొలిచే పురుగుకు హెసరఘట్టలోని ఉద్యాన పరిశోధన సంస్థవారు చెప్పిన ఉపాయమొకటి ఉన్నది. టమాటా 16 వరుసలకు ఒక వరుస బంతి నాటవలె. బంతినారు టమాటా నారుకన్నా సుమారు ఒక పక్షం ముదురుగా ఉండవలె. తల్లిపురుగు బంతిపూవుకు ఆశపడి అక్కడ గ్రుడ్లు పెడుతుంది.

మల్బరీ చిగురు ముడుచుకొని గిడసబారితే పిండినల్లి పట్టినట్టు. ఆ కొనలు గిల్లి, సబ్బునీళ్ళలో ముంచి పారవేయండి. దీన్ని తినుటకు క్రిప్టొలీమస్ అనే అక్షింతల పురుగును విడుస్తారు. దాని పిల్ల కూడా ఒళ్ళంతా తెల్లటి మైనపు పోగులతో అచ్చం పిండినల్లి వలెనే ఉంటుంది. తెలియక మిత్రుణ్ణే నలిపివేసినవారు ఉన్నారు. చురుకుగా ప్రాకుతూ, పెద్దదిగా ఉంటే దాన్ని వదలివేయండి.

ఇంత చూచిన తర్వాత కూడా మందు అవసరమైతే కొట్టవలసినదే. కాని గాలి లేని వేళ, అవసరమైన మందు ఒక్కటే, చెప్పిన మోతాదులోనే కొట్టవలె. దానికి రెండు దినాలు ముందు గట్టు అవతలికి ఒక కేక వేయండి: "అన్నా, ఇంట్లో పురుగులున్నాయా, ఎన్నో జ్వరం?"

ఈ ఉగాదికి ఊరు పోయేవారు పిల్లల చేతికి ఒక భూతద్దం ఇచ్చి, 25 మొక్కలు లెక్కపెట్టించండి. తిరిగి వచ్చేటప్పుడు పొరుగు తోటవారిని పలకరించి రండి. మేము ఏటా ఆ పెద్దాయన ఇంటికి వెళ్ళి వస్తున్నాము.