పాత వాడాలను కూల్చడమే రక్షణ మార్గమా?

2024 సంవత్సరంలో మార్చి 21న, తిరిగి జూలై 10న హింగోలి జిల్లా కేంద్రంగా 4.5 తీవ్రతతో సంభవించిన భూకంపాలు పొరుగునున్న నాందేడ్ జిల్లాను సైతం కుదిపాయి. భూమి కదిలిన ప్రతిసారీ పాత వాడాలలో నివసించే కుటుంబాలను ఒకే ప్రశ్న వేధిస్తుంది. తాతల నాటి ఇంటిని కూల్చివేయాలా, నిలుపుకోవాలా? దెగ్లూర్, బిలోలి, ధర్మాబాద్, కిన్వట్ ప్రాంతాల తెలుగు కుటుంబాలకు కూడా ఇది ప్రాణాలతో ముడిపడిన ప్రశ్నయే.

ఈ భయం నిరాధారమైనది కాదు. 1993 సెప్టెంబర్ 30 తెల్లవారుజామున కిల్లారిలో సంభవించిన భూకంపం లాతూర్, ధారాశివ్ జిల్లాలలో సుమారు ఎనిమిది వేల మందికి పైగా ప్రాణాలను బలిగొన్నది. అధికులు తమ ఇళ్ళ క్రిందనే సమాధి అయ్యారు. అయితే ఆ ఇళ్ళలో కూలినదేది, నిలిచినదేది అన్నది గమనించవలసిన విషయం.

కూలినవి ప్రధానంగా మట్టితో పేర్చిన రాతి గోడలు. గోడకు లోపలి వరుస, వెలుపలి వరుస వేర్వేరుగా ఉండి, ఆ రెంటినీ కలిపే అడ్డురాళ్ళు లేకపోవడంతో అవి విడిపోయాయి. వాటికి తోడు మిద్దెపై మట్టి బరువు. ఒక అడుగు మందం మట్టి చదరపు మీటరుకు దాదాపు అర టన్ను తూగుతుంది. ఏటేటా వాన కురవకుండా మట్టి పోస్తూ పోవడంతో ఆ భారం పెరుగుతూనే ఉంటుంది. గోడలు ఒరిగిపోయినా, దూలాలను మోసే కర్ర స్తంభాలు మాత్రం అనేక చోట్ల నిలిచాయి.

అనగా మనం అలంకారమని భావించే స్తంభాలు, దూలాలే ఆ ఇంటికి అసలైన అస్థిపంజరం. నేడు జరుగుతున్నది ఇందుకు విరుద్ధం. దుకాణం వెడల్పు కోసం స్తంభాన్ని తొలగించడం, చెక్కిన దర్వాజాలను అమ్ముకోవడం, బలహీనమైన పాత గోడలపైనే స్లాబు వేయడం పరిపాటి అయినవి. సున్నపు గచ్చును తొలగించి సిమెంటు పూయడం వలన గోడలోని తేమ బయటకు పోలేక దూలాల చివరలు పుచ్చిపోతాయి.

చేయవలసినది వేరు. మిద్దెపై మట్టిని తగ్గించి, నీరు దిగని పొర పరచాలి. గోడలలో అక్కడక్కడ అడ్డురాళ్ళు అమర్చి, ద్వారబంధాల పై ఎత్తున ఇంటి చుట్టూ పట్టీ కట్టాలి. స్తంభము, దూలము కలిసే చోట ఏటవాలు కర్రలు బిగించాలి. కిల్లారి అనంతరం ప్రపంచ బ్యాంకు సహాయంతో ప్రభుత్వం లక్షకు పైగా ఇళ్ళను మరమ్మతు చేసి బలపరచిన అనుభవం మన ముందున్నది.

1960 నాటి మహారాష్ట్ర పురావస్తు చట్టం రక్షిత కట్టడాలుగా ప్రకటించిన వాటికే వర్తిస్తుంది. సామాన్య కుటుంబం నివసించే వాడాకు ఆ రక్షణ లేదు. కావున ప్రతి తాలూకాలో పాత ఇళ్ళను పరీక్షించే ఇంజనీరును నియమించి, కొత్త ఇంటికి ఇచ్చే సహాయాన్ని పాత ఇంటిని బలపరచుకోవడానికి కూడా వర్తింపజేయాలి. చెదలు తిని శిథిలమైన ఇంటిని ఖాళీ చేయవలసిందే. కాని అస్థిపంజరం గట్టిగా ఉన్న ఇంటిని పరీక్ష లేకుండా కూల్చడం గాని, పరీక్ష లేకుండా అందులో నిద్రించడం గాని వివేకం కాదు.