తుంటి కీలు మార్చాక... నడకే మందు!

ప్ర: మా అమ్మకు 74 ఏళ్లు. మూడు వారాల క్రితం తెల్లవారుజామున బాత్‌రూమ్‌కి వెళ్తూ జారిపడింది. తుంటి విరిగిందని ఆపరేషన్‌ చేసి సగం కీలు మార్చారు. వాకర్‌తో నడిపించమన్నారు. అమ్మేమో భయంతో మంచం దిగడం లేదు. 'మూడు నెలలు కదిలించకండి, కీలు ఊడిపోతుంది' అని చుట్టాలు అంటున్నారు. పైగా ఊళ్లో తన ఇంటికి పంపించెయ్యమని అమ్మ రోజూ గొడవ. అక్కడున్నది నేల మరుగుదొడ్డి. ఏం చేయాలి?
- ఒక పాఠకురాలు, ఏలూరు

జ: మీ అమ్మగారి భయం సహజమే. కానీ ఈ వయసులో నడక కన్నా మంచమే ప్రమాదం. కదలకుండా పడుకుంటే కాళ్లలో రక్తం గడ్డకట్టొచ్చు, వీపున పుండ్లు పడొచ్చు, ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరొచ్చు. కండరాలూ రోజురోజుకీ కరిగిపోతాయి.

తుంటి కీలులో ఒక గిన్నె, అందులో తిరిగే బంతి ఉంటాయి. తొడ ఎముక మెడ దగ్గర విరిగినప్పుడు చాలామంది పెద్దవాళ్లకు బంతిని మాత్రమే మార్చి, గిన్నెను అలాగే ఉంచుతారు. దీన్నే హెమీ ఆర్థ్రోప్లాస్టీ అంటారు. ఇందులో సాధారణంగా ఆపరేషన్‌ మర్నాటి నుంచే కాలు మీద బరువు మోపి నడిపిస్తారు. మీకూ నడిపించమనే చెప్పారు కాబట్టి ఆలస్యం చేయకండి. నొప్పికి ఇచ్చిన మాత్ర వేసి, కాసేపాగి నడిపించండి. ముందు వాకర్‌, తర్వాత ఆపరేషన్‌ అయిన కాలు, ఆ తర్వాత మంచి కాలు. మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్‌ కాలు ముందు. పక్కన ఒకరు తప్పక ఉండాలి.

కీలు జారకుండా

జారే ముప్పు నడక వల్ల కాదు, కొన్ని భంగిమల వల్ల. ముఖ్యంగా తుంటి వెనక నుంచి కోత పెట్టి చేసిన ఆపరేషన్లలో ఈ జాగ్రత్తలు అవసరం. ఎన్నాళ్లన్నది మీ సర్జన్‌నే అడగండి. ఆరు వారాల నుంచి మూడు నెలల దాకా చెబుతుంటారు.

- గొంతుక్కూర్చోవడం, నేల మీదా పీట మీదా కూర్చోవడం వద్దు. పూజైనా, భోజనమైనా కుర్చీలోనే.
- కూర్చున్నప్పుడు మోకాళ్లు తుంటి కన్నా కిందకే ఉండాలి. కుంగిపోయే నులక మంచం, లోతైన సోఫా పనికిరావు.
- కాలు మీద కాలు వేయకూడదు. పాదాన్ని లోపలికి తిప్పకూడదు. పడుకున్నప్పుడు కాళ్ల మధ్య దిండు పెట్టండి.
- కింద పడ్డ వస్తువు కోసం వంగకూడదు.
- తుంటికి నూనె మర్దనలు, కట్లు అసలే వద్దు.

వీటిని అశ్రద్ధ చేయొద్దు

పిక్క వాచి నొప్పి పుట్టినా, గాయం ఎర్రబడి చీము కారినా, జ్వరం వచ్చినా అదే రోజు డాక్టర్‌కు చూపించండి. హఠాత్తుగా తీవ్రమైన నొప్పి వచ్చి కాలు పొట్టిగా, పక్కకు తిరిగినట్టు కనిపిస్తే కీలు జారిందేమోనని అనుమానించాలి. అప్పుడు ఆమెను నడిపించకండి. ఆయాసం, ఛాతీలో నొప్పి వస్తే ఊపిరితిత్తుల్లోకి రక్తపు గడ్డ చేరి ఉండొచ్చు. ఈ రెంటిలో ఏది జరిగినా వెంటనే 108కి ఫోన్‌ చేయండి. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చిన మందును చెప్పినన్ని రోజులూ వాడాలి. మధ్యలో మానకూడదు.

ఇక ఊరి సంగతి. వద్దనకండి, 'నువ్వు నడిస్తే వెళ్దాం' అనండి. ఆ ఆశే ఆమెను లేపుతుంది. ఈలోగా అక్కడ కమోడ్‌ పెట్టించండి. కుదరకపోతే కమోడ్‌ కుర్చీ కొనండి. బాత్‌రూమ్‌ గోడకు పట్టుకునే కడ్డీ, దారిలో రాత్రంతా వెలిగే చిన్న బల్బు ఉండాలి. జారే పట్టాలు, గోనె సంచులు తీసేయండి. చీర కుచ్చిళ్లు కాళ్లకు అడ్డం పడకుండా కాస్త పైకి కట్టమనండి. తనంతట తాను లేచి కూర్చుని, వాకర్‌తో బాత్‌రూమ్‌కి వెళ్లి రాగలిగాక, తోడు ఉండే మనిషిని చూసుకుని పంపండి.

మరొక్క మాట. మామూలుగా జారిపడితేనే తుంటి విరిగిందంటే ఎముకలు గుల్లబారి ఉంటాయి. కాల్షియం, విటమిన్‌ డితోపాటు ఎముకలు బలపడే మందులు అవసరమేమో డాక్టర్‌ను అడగండి. కళ్లు పరీక్ష చేయించండి. నిద్రమాత్రలు, బీపీ మాత్రలతో తల తిరుగుతోందేమో కనుక్కోండి. ఒక తుంటికి ఆపరేషన్‌ అయింది, రెండోదాన్ని కాపాడుకోవడం ఇప్పుడు మీ చేతుల్లోనే ఉంది.