దాచుకున్న బాధకు వడ్డీ ఎక్కువ

గత సంచికలో డిపాజిట్లకు నామినీ పేరు రాయించడం గురించి రాశాను. చదివి ఉత్తరాలు రాసినవారికి కృతజ్ఞతలు. ఈసారి కూడా బ్యాంకు కౌంటరు దగ్గరే మొదలుపెడతాను గాని, సంగతి వేరు.

విరుదునగర్‌లో నేను పనిచేసే బ్రాంచికి ఒకావిడ నగల మీద అప్పుకోసం వచ్చింది. ఏడాదిలో అది మూడోసారి. మొదట గొలుసు, తరువాత కమ్మలు, ఇప్పుడు రెండు గాజులు. చిరునామా చూస్తే కోవిల్‌పట్టి. అది మా సొంత ఊరే. అక్కడ బ్యాంకులకు కరువు లేదు. బస్సెక్కి సాత్తూరు దాటి ఇంత దూరం ఎందుకు రావాలని తమిళంలో అడిగాను. ఆవిడ జవాబు చెప్పలేదు. అంతలో ఇంటి నుంచి ఫోను వస్తే తెలుగులో రెండు మాటలు మాట్లాడాను. ఫోను పెట్టగానే, "అన్నా, మీరూ మనవాళ్ళేనా? మా ఊళ్ళో అయితే తెలిసినవాళ్ళు చూస్తారన్నా. ఎందుకమ్మా ఈ అప్పు అంటారు. ఏమని చెప్పేది?" అంది. కళ్ళలో నీళ్ళు.

ఆమె కొడుక్కు పదహారేళ్ళు. ప్లస్ వన్ చదువుతూ బడి మానేశాడు. చేతులు కడగడం మొదలుపెడితే గంటసేపు, తోలు ఊడేదాకా కడుగుతాడు. రాత్రి నిద్ర లేదు. దిష్టి తీయించారు, తాయెత్తు కట్టించారు, ఊళ్ళు తిరిగారు. అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో వచ్చే కూలి చాలక నగలు ఒక్కొక్కటే మా ఇనప్పెట్టెలోకి వచ్చాయి. డాక్టరుకు మాత్రం ఇంకా చూపించలేదు.

అప్పుడు నేను అంతవరకు బయట ఎవరికీ చెప్పని మాట ఒకటి ఆమెకు చెప్పాను. మా అమ్మాయికి పదిహేడో ఏట మనసుకు జబ్బు చేసింది. రెండేళ్ళు దాచాం. పెళ్ళిళ్ళకు పోతే "పరీక్షలు, అందుకే రాలేదు" అనేవాళ్ళం. మదురైలో వైద్యం చేయిస్తూ, అక్కడ తెలిసిన ముఖం కనబడితే తల తిప్పుకునేవాళ్ళం. ఇప్పుడు అమ్మాయి మందులు వాడుతూనే ఉద్యోగం చేసుకుంటున్నది. ఇది రాయమని అనుమతి ఇచ్చిందీ తనే. కామర్సు చదివినవాణ్ణి కాబట్టి లెక్క చెప్పగలను. ఆ రెండేళ్ళలో వైద్యానికి అయినదానికన్నా దాచడానికి అయిందే ఎక్కువ. మా ఆవిడ పోగొట్టుకున్న నిద్రను అందులో కలపలేదు.

ఇలాంటి కష్టం మన ఒక్క ఇంట్లోనే అనుకోవడం పొరపాటు. బెంగుళూరు నిమ్హాన్స్ వారు 2015-16లో చేసిన జాతీయ సర్వేలో 13 నుంచి 17 ఏళ్ళ పిల్లల్లో నూటికి 7 మందికి పైగా ఏదో ఒక మానసిక సమస్య ఉన్నట్టు తేలింది. అంటే నలభైమంది ఉన్న క్లాసులో సుమారు ముగ్గురు. ఆ మూడిళ్ళవాళ్ళూ ఒకే వీధిలో ఉండవచ్చు. ఒకరి సంగతి ఒకరికి తెలియదు, అంతే.

దారి తెలియనప్పుడు ఏం జరుగుతుందో మన పక్క జిల్లాలోనే చూశాం. 2001 ఆగస్టు 6న రామనాథపురం జిల్లా ఏర్వాడిలో ఒక పూరిపాక అంటుకుని, గొలుసులతో కట్టి ఉంచిన మానసిక రోగులు 28 మంది చనిపోయారు. వాళ్ళను అక్కడ దించి వెళ్ళినవారంతా కఠినాత్ములని నేను అనుకోను. మరో దారి చెప్పేవాళ్ళు వాళ్ళకు దొరికి ఉండరు. రోగులను గొలుసులతో కట్టడాన్ని 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం నిషేధించింది. కాని చట్టం మన ఇంటికొచ్చి పక్కన కూర్చోదు కదా!

పక్కన కూర్చోవడంలో ఎంత బలముందో 1950లలోనే అమృత్‌సర్‌లో డాక్టర్ విద్యాసాగర్ చూపించారు. అక్కడి మానసిక వైద్యశాల ఆవరణలో డేరాలు వేయించి, రోగుల కుటుంబాలను వాళ్ళతోనే ఉంచారు. జబ్బు ఏమిటో, ఎలా చూసుకోవాలో ఇంటివాళ్ళు అక్కడే నేర్చుకున్నారు. తమ కష్టమే పక్క డేరాలోనూ ఉందని తెలుసుకున్నారు.

మా డేరా చిన్నది. నెలలో మొదటి ఆదివారం మధ్యాహ్నం కోవిల్‌పట్టిలో మా ఇంట్లో నాలుగు కుటుంబాలు కలుస్తాం. టీ, కడలమిఠాయి, ఆపైన కబుర్లు. నియమాలు మూడే. ఇక్కడి మాట గడప దాటకూడదు. మందుల గురించి ఒకరికొకరు సలహా ఇవ్వకూడదు, అది డాక్టరు పని. మొదటిసారి ఆసుపత్రికి వెళ్ళేవారి వెంట ఇంకొకరు తోడు వెళ్ళాలి. ఒక తల్లి పెళ్ళికో పేరంటానికో వెళ్ళాలంటే, ఆ పూట పిల్లవాడి దగ్గర మాలో ఒకరం ఉంటాం.

ఎవరిని అడగాలో తెలియనివారు 14416కు ఫోను చేయవచ్చు. అది 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ టెలి మానస్ సేవ. ఖర్చు లేదు, రాత్రీ పగలూ ఉంటుంది, తమిళంలోనూ తెలుగులోనూ మాట్లాడవచ్చు. జిల్లా మానసిక ఆరోగ్య పథకం కింద ప్రభుత్వ ఆసుపత్రుల్లో మానసిక వైద్యులు చూస్తారు. మీ ఊళ్ళో ఏ రోజో చీటీ రాసే చోట అడగండి. ఒక్క సంగతి మరవకండి. కోవిల్‌పట్టి తూత్తుకుడి జిల్లాలోది, విరుదునగర్ వేరే జిల్లా. సర్టిఫికెట్ల పని పడితే ఎక్కడికి వెళ్ళాలో ముందే కనుక్కుని బయలుదేరండి.

ఆ తల్లి వెంట ఆసుపత్రికి మా ఆవిడ వెళ్ళింది. అది చాదస్తం కాదు, జబ్బు, దానికి చికిత్స ఉందని డాక్టరు చెప్పారట. కుర్రాడికి నయమైపోయిందని నేను రాయను. గంట పట్టే చేతులు కడగడం ఇప్పుడు ఇరవై నిమిషాలకు దిగింది. బడికి ఇంకా పోవడం లేదు. గాజులు ఇంకా మా బ్యాంకులోనే ఉన్నాయి. పోయిన నెల వడ్డీ కట్టడానికి వచ్చినప్పుడు ఆవిడ నెమ్మదిగా అడిగింది: "అన్నా, మా వీధిలో ఇంకొకామె ఉంది. ఆదివారం తోడుకొని రావచ్చునా?"

మీ వీధిలోనూ ఒకామె ఉండే ఉంటుంది. ఈ సంచిక చదివాక ఒకసారి ఆమె ఇంటికి వెళ్ళి రండి. ఏమీ అడగకపోయినా సరే, కాసేపు కూర్చోండి. వచ్చే సంచికలో కలుద్దాం.