కైలాసానికి అనుజ్ఞ

తపస్సు కోసం ఉత్తర దిక్కుగా బయలుదేరిన అర్జునుడు ఇంద్రకీలాద్రి చేరేసరికి ఆకాశం నుంచి ఒక మాట వినిపించింది. ఆగమని. చెట్టు మొదట కూర్చున్న ఒక తపస్వి అతణ్ణి నిలదీశాడు. ఇది శాంతస్వభావుల చోటు, విల్లంబులతో ఇక్కడ నీకేమి పని, వాటిని అవతల పారవేయమన్నాడు. అర్జునుడు చలించలేదు. అప్పుడా తపస్వి తాను ఇంద్రుడినని తెలిపి, ముందు శివదర్శనం చేసుకుంటే ఆ తరువాతనే దివ్యాస్త్రాలని చెప్పాడు. భారతం అరణ్యపర్వంలోని ఈ ఘట్టం బెజవాడ వాసులకు కొత్తది కాదు. ఆ ఇంద్రకీలాద్రి మన కనకదుర్గమ్మ కొలువున్న కొండేనని స్థలపురాణం చెబుతున్నది. వ్యాసుడు ఉపదేశించిన విద్యను ధర్మరాజు ద్వారా పొంది, అన్నగారి ఆజ్ఞతో, ద్రౌపది వద్ద సెలవు పుచ్చుకుని వచ్చినవాడికి సైతం కొండ మొదట తనిఖీ తప్పలేదన్నమాట!

అనుజ్ఞ అన్న మాట మనకు పరాయిది కాదు. గణపతిపూజ లేనిదే ఏ వ్రతమూ మొదలుకాదు. కాశీ వెళ్ళినవారు ఆ క్షేత్రానికి కొత్వాలైన కాలభైరవుణ్ణి దర్శించకుండా తిరిగిరారు. శివాలయంలో నంది కొమ్ముల నడుమ నుంచి చూశాకనే లోపలికి అడుగుపెడతాము. ఏనుగుల వీరాస్వామయ్య గారు 1830 మే 18న చెన్నపట్నం నుంచి కాశీకి బయలుదేరినప్పుడు, తాము కొలువు చేసే సుప్రీంకోర్టు వారి సెలవు తీసుకునే కదిలారు. ఇన్ని అనుజ్ఞలకు అలవాటుపడిన మనకు కైలాస మానస సరోవర యాత్ర దరఖాస్తు ముందు కూర్చునేసరికి మాత్రం విసుగు వస్తుంది. పరమేశ్వరుణ్ణి చూడటానికి ప్రభుత్వం అనుమతి ఏమిటని ప్రశ్నించే పెద్దలు మన డెల్టాలో ఊరికి నలుగురైనా ఉన్నారు.

ప్రశ్న న్యాయమైనదే. కానీ కైలాసం నేడు మన సరిహద్దుకు ఆవల, చైనా ఏలుబడిలోని టిబెట్టులో ఉన్నది. రెండు ప్రభుత్వాల ఒడంబడిక మీద 1981 నుంచి మన విదేశాంగ శాఖ ఈ యాత్రను నడుపుతున్నది. మొదట ఉత్తరాఖండ్ వైపున లిపులేఖ్ కనుమ ఒక్కటే దారి. 2015లో సిక్కిం వైపున నాథూలా తోడైంది. 2017లో డోక్లాం వివాదం తలెత్తగా నాథూలా దారి మూతపడింది. 2020 నుంచి అయిదేళ్ళపాటు రెండు దారులూ మూగబోయాయి. మళ్ళీ 2025లో తలుపులు తెరుచుకున్నప్పుడు 5,561 మంది పేర్లు నమోదు చేసుకున్నారు. దక్కిన చోట్లు 750. లిపులేఖ్ ద్వారా అయిదు జట్లు, నాథూలా ద్వారా పది జట్లు, జట్టుకు యాభై మంది చొప్పున. కంప్యూటరు తీసిన చీటీతో పేర్లు ఖరారయ్యాయి. మొదటి దారికి సుమారు 1.74 లక్షల రూపాయలు, రెండవ దారికి 2.83 లక్షలు ఖర్చని శాఖ వారు ముందే చెప్పారు.

డబ్బు కన్నా కాగితాల దగ్గరే మనవారు ఎక్కువగా తడబడుతున్నారు. పాస్‌పోర్టు ఆ ఏడాది సెప్టెంబరు 1 నాటికి ఇంకా కనీసం ఆరు నెలలు చెల్లుబాటులో ఉండాలి. ఆ సంవత్సరం జనవరి 1 నాటికి వయస్సు పద్ధెనిమిదికి తక్కువ, డెబ్భయికి ఎక్కువ కారాదు. ఇక్కడే ఉన్నది చిక్కు. మన పెద్దలకు పుట్టిన తిథీ నక్షత్రమూ గుర్తుంటాయి గాని తేదీ గుర్తుండదు. దివిసీమలోనైతే 1977 నవంబరు 19 నాటి ఉప్పెననే కొలమానంగా పెట్టుకుని, ఉప్పెన నాటికి నాకు ఇన్నేళ్ళు అని లెక్క చెబుతారు. పాస్‌పోర్టులోని తేదీ చాలామందికి బడిలో చేర్చిన రోజున ప్రధానోపాధ్యాయుడు తోచినట్లు వేసినది. ఆయన కలం చేసిన ఆ ఒక్క ఉపకారం వల్ల ఇప్పుడు ఒకరికి కైలాసం దక్కుతుంది, మరొకరికి చేజారుతుంది. ఆధార్ కార్డులో పొడి అక్షరంగా ఉన్న ఇంటిపేరు పాస్‌పోర్టులో పూర్తిగా ఉండటం మరొక తలనొప్పి. విజయవాడలోనే ఇప్పుడు ప్రాంతీయ పాస్‌పోర్టు కార్యాలయం ఉన్నది కనుక ఈ సవరణలు యాత్ర ప్రకటన వెలువడక ముందే చేయించుకోవచ్చు.

మరొక సంగతి మీలో చాలా ఇళ్ళకు తగులుతుంది. కొడుకో కూతురో అమెరికాలో స్థిరపడి అక్కడి పౌరసత్వం తీసుకుని ఉంటే, అమ్మానాన్నలకు తోడుగా ఈ యాత్రకు రావడానికి వీలులేదు. ఇది భారత పౌరులకు మాత్రమే. విదేశీ భారతీయులకు ఇచ్చే ఓసీఐ కార్డు ఇక్కడ పనికిరాదు. కనుక ఆ నాలుగు అడుగులూ తల్లిదండ్రులు తమ కాళ్ళ మీదనే వేయాలి.

ఇక స్టాంపు కాగితం. యాత్రలో ఏమి జరిగినా ప్రభుత్వానిది బాధ్యత కాదని నోటరీ ముందు పూచీపత్రం రాసి ఇవ్వాలి. ఆపద వస్తే హెలికాప్టరులో తరలించడానికి సమ్మతి తెలపాలి. చైనా వైపున ప్రాణం పోతే అక్కడే దహనం చేయడానికి ఒప్పుకుంటూ మరొక పత్రం మీద సంతకం చేయాలి. కృష్ణమ్మ ఒడ్డున తన కర్మ జరగాలని జీవితమంతా కోరుకున్న మనిషికి ఈ చివరి సంతకం దగ్గర చేయి ఆగుతుంది. ఆగనివ్వండి. ఆ రాత్రి ఇంటిల్లిపాదీ కూర్చుని మాట్లాడుకోవలసిన విషయం అదే. 1998 ఆగస్టు 18న మాల్పా వద్ద కొండచరియ విరిగిపడి, కైలాసానికి వెళుతున్న ఒక జట్టులోని సుమారు అరవై మంది యాత్రికులు మరణించారు. ఆ పత్రం ఊరకే అడిగేది కాదు.

అన్నిటికన్నా మనవారికి కోపం తెప్పించేది వైద్య పరీక్ష. ఎంపికైనవారిని ఢిల్లీకి పిలిచి పరీక్షిస్తారు. దారిలో పైకి వెళ్ళాక ఇండో టిబెటన్ సరిహద్దు పోలీసు వైద్యులు మరలా పరీక్షిస్తారు. అక్కడ కాదన్నారంటే వెనుదిరగడమే. ఎత్తుకు తగ్గ బరువు చూపే సూచిక 25 దాటరాదు. అంటే అయిదడుగుల అయిదంగుళాల మనిషి 68 కిలోలు మించరాదు. ధాన్యం పండే నేల మనది, ముప్పూటలా అన్నం తినే ఒళ్ళు మనది. ఈ ఒక్క నిబంధన దగ్గరే సగం మంది ఆగిపోతారనిపిస్తుంది.

అయినా ఈ పరీక్ష నిన్నమొన్నటి గుమాస్తాలు కనిపెట్టినది కాదు. అరణ్యపర్వంలోనే ఉన్నది. రోమశ మహర్షి తీర్థయాత్రకు తీసుకువెళ్ళడానికి వచ్చి, పరివారాన్ని తగ్గించుకోమని ధర్మరాజుకు చెప్పాడు. అప్పుడు ధర్మరాజు ఏమి చేశాడు? ఆకలిదప్పులు, మార్గాయాసం, చలి ఓర్వలేనివారు వెనక్కు మరలమన్నాడు. పిండివంటలకు అలవాటుపడినవారిని, వంటవారు వెంట లేనిదే గడవనివారిని కూడా రావద్దన్నాడు. (దారి పొడవునా ఆంధ్ర భోజనం, ఆవకాయతో సహా, అని ప్రకటించే యాత్రా సంస్థలు ఈ భాగం చదివితే బాగుండును.) వెనుదిరిగినవారిని గాలికి వదలలేదు. పోషణ కోసం ధృతరాష్ట్రుని వద్దకు వెళ్ళమన్నాడు, ఆయన ఇవ్వకపోతే పాంచాలరాజు ఇస్తాడన్నాడు. ఇంత జాగ్రత్త పడ్డా గంధమాదనం ఎక్కేటప్పుడు గాలివాన కొట్టాక ద్రౌపది సొమ్మసిల్లి పడిపోయింది. భీముడు తలచుకోగా ఘటోత్కచుడు వచ్చి ఆమెను మోయవలసి వచ్చింది. యజ్ఞవేదిలో పుట్టిన ఆమెకే ఆ గతి పడితే, రక్తపోటు మాత్ర జేబులో దాచుకుని బయలుదేరే మనమెంత!

దాచుకోవడమనే మాట ఊరకే అనలేదు. తెలిసిన వైద్యుని చేత సంతకం పెట్టించుకున్న పత్రం, కొడుక్కు చెప్పని గుండె నొప్పి, ప్రయాణం ఖరారు చేసుకోవాలన్న తొందరలో ఏమీ లేదులే రాసెయ్యండి అనే ఏజెంటు. ఇవన్నీ మన మధ్య జరుగుతున్నవే. కృష్ణా డెల్టా ఊళ్ళు సముద్రమట్టానికి ఇరవై ముప్ఫై మీటర్లకు మించవు. కైలాస ప్రదక్షిణలో దాటే డోల్మా కనుమ సుమారు 5,630 మీటర్లు. అక్కడ మనం పీల్చే గాలిలో దక్కే ప్రాణవాయువు ఇక్కడి దానిలో సగమే. ఆ ఎత్తుకు శరీరం మెల్లగా అలవాటుపడాలి. మూడు వేల మీటర్లు దాటాక రాత్రి పడుకునే చోటు రోజుకు మూడు నుంచి అయిదు వందల మీటర్ల కన్నా ఎక్కువ పెరగరాదని వైద్యులు చెబుతారు. తలనొప్పి, వాంతి మొదటి హెచ్చరికలు. కూర్చున్నా ఆయాసం తగ్గకపోతే, నడక తూలితే, వెంటనే కిందికి దించడమే మందు. మంగళగిరి మెట్లు రోజూ ఎక్కి దిగితే కాళ్ళు గట్టిపడతాయి, మంచిదే. పల్చని గాలిని మాత్రం మన నేల మీద సాధన చేయలేము.

నేపాల్ మీదుగా ప్రయివేటు సంస్థలతో వెళ్ళేవారికి చీటీ లేదు, ఢిల్లీ పరీక్ష లేదు. తేలికని అందరూ అటే మొగ్గుతున్నారు. అక్కడ చైనావారి వీసా సమూహానికి ఇస్తారు. అందరి పేర్లూ ఒకే కాగితం మీద ఉంటాయి, కలిసి వెళ్ళి కలిసి రావాలి. ఒకరు జబ్బు దాచి పైకి వచ్చి కూలబడితే, విడిగా వెనక్కు పంపడం కష్టమై మొత్తం జట్టు చిక్కుకుంటుంది. 2018 జూలై మొదట్లో వాతావరణం చెడి, చిన్న విమానాలూ హెలికాప్టర్లూ నిలిచిపోయి, సిమికోట్, హిల్సా, టిబెట్టు వైపుల మీద కలిపి పదిహేను వందల మందికి పైగా భారతీయ యాత్రికులు ఇరుక్కుపోయారు. వారిలో మన రాష్ట్రం వారూ ఉన్నారు. అనుమతి తేలికగా దొరికే దారిలో ఆపద వేళ ఆదుకునే ఏర్పాటు కూడా తేలికగానే ఉంటుందని గ్రహించాలి.

అమరనాథ యాత్రకు ఈ పాఠం నెత్తురుతో నేర్పవలసి వచ్చింది. 1996 ఆగస్టులో మంచు తుఫానులో రెండు వందల నలభై మందికి పైగా చనిపోయాకనే పేర్ల నమోదు, రోజువారీ పరిమితి వచ్చాయి. ఇప్పుడు 13 ఏళ్ళ లోపువారికి, 70 దాటినవారికి అనుమతి లేదు. రాష్ట్రంలో నియమించిన వైద్యులు ఇచ్చే ఆరోగ్య ధ్రువపత్రం తప్పనిసరి.

ఈ చివరి పద్ధతినే కైలాసానికి కూడా వర్తింపజేయాలన్నది మా అభిప్రాయం. చీటీలో పేరు వచ్చిన ఆనందంలో ఊరంతా చెప్పి, పూలమాలలు వేయించుకుని, ఢిల్లీ దాకా వెళ్ళి బరువు ఎక్కువని తిరిగివచ్చిన మనిషి పడే అవమానం ఇంతా అంతా కాదు. తొలి పరీక్ష విజయవాడలోనే ప్రభుత్వ ఆసుపత్రిలో జరిపితే ఆ ఖర్చూ ఆ బాధా తప్పుతాయి. ఆ నిబంధనలు తెలుగులో అచ్చువేసి పెద్ద ఆలయాల్లో ఉంచడం దేవాదాయ శాఖకు పెద్ద పని కాదు. డెబ్భయి దాటినవారి గురించి మాత్రం మా వద్ద సులభమైన జవాబు లేదు. పిల్లల చదువులు, పెళ్ళిళ్ళు, అప్పులు తీరేసరికే మన ఇళ్ళలో అరవై అయిదేళ్ళు వస్తాయి. బాధ్యతలు తీర్చుకున్నాకనే యాత్ర అని నేర్పినదీ మనమే. ఆ నేర్పును ఇప్పుడు కొంత సడలించుకుని, యాభై దాటగానే తల్లిదండ్రులను పంపే ఆలోచన పిల్లలు చేయాలి.

అనుమతి రానివారికి మన డెల్టాలోనే దారి ఉన్నది. తారకాసురుని మెడలోని అమృతలింగం అయిదు ముక్కలై వెలసిన పంచారామాలలో మొదటిది అమరావతిలో, కృష్ణ ఒడ్డున ఉన్నది. కైలాసం చూసివచ్చేవారు మానస సరోవర జలం సీసాల్లో తెచ్చుకుంటారు. ఆ సీసా పూజగదిలో దాచుకోకండి. మీ వీధిలో ఎవరి దరఖాస్తు తిరిగివచ్చిందో కనుక్కుని, వారిని వెంటబెట్టుకుని అమరేశ్వరునికి ఒక సోమవారం ఉదయం అభిషేకం చేయించండి.